తొలినాటి కంప్యూటర్లలో మన పెద్దల గొంతు: పాత ఫ్లాపీలను ఎందుకు పారవేయరాదు

ఫిజీ నుండి అమెరికాకు వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో పాత క్యాసెట్లతో పాటు పాత ఫ్లాపీ డిస్కులను కూడా దాచుకున్నవారు ఉన్నారు. కొన్నింటి మీద భజన అని, తాతగారి పాట అని, రామనవమి అని రోమన్ అక్షరాలలో వ్రాసి ఉంటుంది. ఇప్పటి కంప్యూటరులో ఆ డిస్కు పెట్టడానికి చోటు ఉండదు. ఎలాగో ఒకలాగు పెట్టినా ఫైలు తెరుచుకోదు. అందువలన ఇల్లు మారేటప్పుడో, పెద్దవారు గతించిన తరువాత గదులు సర్దేటప్పుడో అవి చెత్తబుట్టకు చేరుతున్నాయి. అలా చేరకూడదని కోరుతూ, ఆ డిస్కులలో ఉన్నది ఏమిటో, ఆనాటి కంప్యూటరు దానిని ఎలా పలికించిందో, ఈనాడు దానిని మళ్ళీ ఎలా పలికించవచ్చునో మా ఆలయ సంఘం తరఫున ఇక్కడ వివరిస్తున్నాము. దీనిని గ్రహించడానికి ఇంజనీరింగు చదువు అక్కరలేదు. హైస్కూలు లెక్కలు చాలును.

మనకు ధ్వని ఎందుకు ముఖ్యము

1879 నుండి 1916 వరకు గిర్మిట్ ఒప్పందంపై సుమారు అరవై వేల మంది భారతీయులు ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు. 1903 నుండి మద్రాసు రేవు గుండా దక్షిణాదివారిని తీసుకొని వెళ్ళారు. విశాఖపట్నం జిల్లా మొదలైన తెలుగు ప్రాంతాల వారు వారిలో ఉన్నారు. తోటలలో బడి లేదు, పుస్తకం లేదు. నోటికి వచ్చిన పాట, పద్యం, రామభజన మాత్రమే వారి వెంట వచ్చాయి. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం ఏర్పడి తెలుగు నేర్పడానికి పాటుపడింది. అయినప్పటికీ ఇంటిలో క్రమంగా ఫిజీ హిందీయే వాడుక భాష అయినది. 1987లో జరిగిన రెండు సైనిక తిరుగుబాట్ల తరువాత ఎన్నో కుటుంబాలు ఫిజీ విడిచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలకు తరలివచ్చాయి.

ఈ కారణాల వలన మనలో చాలా కుటుంబాలకు తాతముత్తాతల చేతివ్రాత లేదు. మనకు మిగిలిన పుస్తకం వారి గొంతే. ఆ గొంతులో విశాఖ పల్లెల యాస ఉన్నది, తోటలలో కలిసిన హిందీ మాట ఉన్నది, తమిళ భజనల బాణీ ఉన్నది. అది కాగితంపై ఎక్కడా వ్రాసిపెట్టినది కాదు. క్యాసెట్టు చెడిపోయి, దాని నుండి తీసిన కంప్యూటరు ఫైలు ఒక్కటే మిగిలిన ఇంటిలో ఆ ఫ్లాపీయే ఆ పాటకు ఉన్న ఏకైక ప్రతి.

గొంతు అంకెలుగా మారుట

మనిషి పాడినప్పుడు గాలి కంపిస్తుంది. మైకు ఆ కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఎంత ఎత్తులో ఉన్నదో సెకనుకు కొన్ని వేల సార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసుకుంటే దానినే డిజిటల్ ధ్వని అంటారు. ఒక్కొక్క కొలతను శాంపిల్ అంటారు.

ఇక్కడ రెండు విషయాలు ముఖ్యము. మొదటిది, సెకనుకు ఎన్నిసార్లు కొలిచాము అన్నది. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం వరకు ఉన్న కంపనాలు మాత్రమే నిలుస్తాయి. సెకనుకు 8,000 సార్లు కొలిస్తే 4,000 లోపు కంపనాలు, 11,025 సార్లు కొలిస్తే సుమారు 5,500 లోపు కంపనాలు దక్కుతాయి. అచ్చులు, రాగం, మద్దెల ఈ హద్దులోపలే చాలావరకు ఉంటాయి. “స” అనే అక్షరంలోని ఈల వంటి ధ్వని, తాళాల గలగల మాత్రం అంతకు పైన ఎక్కువగా ఉంటాయి. అందుకే పాత ఫైళ్ళలో “స”కు, “శ”కు తేడా సరిగా వినబడదు. పాడినవారు తప్పు పలికారని పిల్లలు అనుకోరాదు. ఆ తేడాను మోయగల అంకెలు ఆ ఫైలులో లేవు.

రెండవది, ప్రతి కొలతను ఎంత సూక్ష్మంగా వ్రాసుకున్నాము అన్నది. ఒక బైటులో, అంటే 8 బిట్లలో వ్రాస్తే 256 మెట్లు మాత్రమే ఉంటాయి. 16 బిట్లలో వ్రాస్తే 65,536 మెట్లు ఉంటాయి. మెట్లు తక్కువైనప్పుడు మెల్లగా పాడిన చోట వెనుక నుండి బుసబుస వినబడుతుంది.

ఒక్క దెబ్బ తెలిసిన స్పీకరు

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దానిలో రెండంగుళాలకు కొంచెం మించిన చిన్న స్పీకరు ఉండేది. అది హెచ్చరికగా “బీప్” అనడానికి పెట్టినదే కాని పాట పాడించడానికి కాదు. దానికి రెండే స్థితులు తెలుసు: ముందుకు నెట్టుట, వదలుట. మధ్యలో మెట్లు లేవు. మెల్లగా, గట్టిగా అనే తేడా లేకుండా ఒకే బలంతో దెబ్బ పడే డప్పును ఊహించుకుంటే దాని పరిమితి అర్థమవుతుంది.

అటువంటి స్పీకరుతో మనిషి గొంతును పలికించడానికి ఆనాటి ప్రోగ్రామర్లు ఒక ఉపాయం పన్నారు. దీపాన్ని కంటికి తెలియనంత వేగంగా వెలిగించి ఆర్పుతూ ఉంటే, వెలిగిన సమయం ఎక్కువైతే కాంతి ఎక్కువగా, తక్కువైతే కాంతి తక్కువగా కనబడుతుంది. అదే విధంగా స్పీకరును చెవికి తెలియనంత వేగంగా నెట్టి వదలుతూ, ఒక్కొక్కసారి ఎంతసేపు నెట్టాలో శాంపిల్ అంకెను బట్టి నిర్ణయించారు. స్పీకరు పొర అంత వేగాన్ని అందుకోలేక సగటు స్థానంలో నిలుస్తుంది. ఆ సగటే మనకు గొంతుగా వినబడుతుంది.

ఆ కంప్యూటరులో కాలాన్ని లెక్కించే చిప్పు సెకనుకు 11,93,182 సార్లు టిక్కుమంటుంది. ప్రతి శాంపిలుకు 256 మెట్లు కావాలంటే 256 టిక్కులు పడతాయి. అప్పుడు సెకనుకు 4,660 శాంపిళ్ళే వస్తాయి. పైగా ఆ వేగమే ఒక ఈలగా చెవికి వినబడుతుంది. 64 మెట్లతో సరిపెట్టుకుంటే 64 టిక్కులే పడతాయి. సెకనుకు 18,643 శాంపిళ్ళు పలికించవచ్చును, ఈల చాలామందికి వినబడదు. సూక్ష్మత కావాలా, వేగం కావాలా అన్న ఈ బేరంలో చాలామంది 64 మెట్లనే, అంటే 6 బిట్లనే ఎంచుకున్నారు. సాల్ట్ లేక్ సిటీలోని యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ ఈ పద్ధతిని “రియల్ సౌండ్” అనే పేరుతో తన ఆటలలో వాడింది.

దీనికి వెల ఏమిటంటే, పాట పలుకుతున్నంతసేపు కంప్యూటరు మరొక పని చేయలేదు. ఒక్క శాంపిల్ ఆలస్యమైనా గొంతు బొంగురుపోతుంది. తరువాతి కాలంలో విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ వారు ఇచ్చిన స్పీకరు డ్రైవరు కూడా ఇంతే. ధ్వని ముగిసేదాకా మౌసు కదలకపోయేది.

పుట్టుకతోనే గొంతు ఉన్న యంత్రాలు

1984 జనవరిలో ఆపిల్ సంస్థ విడుదల చేసిన మాకింటోష్‌కు మొదటినుండి 8 బిట్ల ధ్వని ఉన్నది. తెరపై ఒక్కొక్క అడ్డగీత గీసే ప్రతిసారీ ఒక శాంపిలును స్పీకరుకు పంపేది. ఆ లెక్కన సెకనుకు సుమారు 22,255 శాంపిళ్ళు. ఆ విచిత్రమైన సంఖ్య పాత మాకింటోష్ ఫైళ్ళలో ఈనాటికీ కనబడుతుంది. మన కాలిఫోర్నియాలోని బర్క్లీలో రూపొందిన మాక్‌రికార్డర్ అనే చిన్న పెట్టెను తగిలిస్తే మాకింటోష్‌లో గొంతును రికార్డు కూడా చేయవచ్చును. 1985లో వచ్చిన కమడోర్ సంస్థ అమిగా కంప్యూటరుకు 8 బిట్ల ధ్వని మార్గాలు నాలుగు ఉండేవి, రెండు ఎడమకు, రెండు కుడికి.

పి.సి. ఉన్నవారికి 1980ల చివర కొన్ని దారులు తెరుచుకున్నాయి. ఆరెగాన్ రాష్ట్రంలోని కోవాక్స్ సంస్థ ప్రింటరు తగిలించే చోట పెట్టే ఒక చిన్న సాధనాన్ని అమ్మింది. లోపల ఉన్నది ప్రధానంగా కొన్ని రెసిస్టర్ల వరుస మాత్రమే. ప్రింటరుకు పంపవలసిన ఎనిమిది తీగల విద్యుత్తును ఒక్కొక్క తీగ విలువను బట్టి కలిపితే 256 మెట్ల ధ్వని తయారయ్యేది. టంకం పెట్టడం తెలిసినవారు దానిని ఇంటిలోనే చేసుకునేవారు.

1989 చివరలో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డును అమెరికాలో అమ్మకానికి తెచ్చింది. అంకెలను మెమొరీ నుండి తానే తీసుకునే ఏర్పాటు దానిలో ఉండుట వలన కంప్యూటరు తన పని తాను చేసుకునేది. అంతకంటె మనకు ముఖ్యమైనది, దానికి మైకు తగిలించే రంధ్రం ఉన్నది. మొదటి కార్డు సెకనుకు సుమారు 22,000 శాంపిళ్ళు పలికించగలిగినా, రికార్డు చేసేటప్పుడు సుమారు 12,000 మాత్రమే అందుకునేది. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 కార్డుతో సీడీ స్థాయి ధ్వని ఇంటి కంప్యూటరుకు అందింది. టేప్ రికార్డరు నుండి ఒక వైరు కార్డులో పెట్టి, క్యాసెట్టులోని భజనను ఫైలుగా మార్చుకోవడం సామాన్యులకు సాధ్యమైనది ఈ కాలంలోనే.

ఫ్లాపీలో ఎంత పాట పట్టేది

1991లో ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి వేవ్ అనే ఫైలు పద్ధతిని నిర్ణయించాయి. 1992 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 3.1 దానిని ఇంటింటికి చేర్చింది. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో 14,74,560 బైట్లు పడతాయి. దానిలో పట్టే పాట నిడివి ఇంచుమించుగా ఇలా ఉండేది:

సెకనుకు 8,000 శాంపిళ్ళు, 8 బిట్లు: 3 నిమిషాల 4 సెకన్లు.
సెకనుకు 11,025 శాంపిళ్ళు, 8 బిట్లు: 2 నిమిషాల 13 సెకన్లు.
సెకనుకు 22,050 శాంపిళ్ళు, 8 బిట్లు: 1 నిమిషం 6 సెకన్లు.
సీడీ స్థాయి, రెండు మార్గాలు, 16 బిట్లు: 8 సెకన్లు.

ఈ లెక్క చూస్తే ఆనాటి ఫైళ్ళు అంత పేలవంగా ఎందుకు ఉన్నాయో తెలుస్తుంది. ఒక భజన పూర్తిగా ఒక డిస్కులో పట్టాలంటే నాణ్యతను త్యాగం చేయక తప్పదు. అందుకే చాలా ఫైళ్ళు పల్లవి, ఒక చరణంతో ఆగిపోతాయి. ఫైలు చెడిపోలేదు, డిస్కు నిండిపోయినది.

దూరపు బంధువులకు పంపడం కూడా సులువు కాదు. 14,400 బిట్ల మోడెంతో నిండు ఫ్లాపీ ఒకటి పంపాలంటే ఫోను లైను కనీసం పదమూడున్నర నిమిషాలు పట్టి ఉంచాలి. ఈ-మెయిలు అక్షరాలను తప్ప మోయలేని రోజులు కనుక ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మార్చి పంపేవారు. బరువు మరొక మూడవ వంతు పెరిగేది.

అయినప్పటికీ ఒక విశేషమున్నది. ఆ కాలంలో కంప్యూటరు తెరపై తెలుగు అక్షరం చూపించడమే కష్టము. టెక్సాస్ రాష్ట్రం రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు రోమన్ అక్షరాలలో టైపు చేసిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే “రిట్” అనే సాధనాన్ని తయారు చేశారు. విండోస్ తెలుగు లిపిని స్వయంగా చూపించగలిగినది 2001లో వచ్చిన ఎక్స్.పి.తోనే. కాని గొంతుకు లిపి అక్కరలేదు. తెలుగు అక్షరం చదవలేని యంత్రం, తెలుగు అక్షరం చదవలేని మనుమడు, ఇద్దరూ తాతగారి పాటను అంతకుముందే అందుకోగలిగారు.

1995లో సియాటిల్ నుండి వచ్చిన రియల్ ఆడియో, అదే సంవత్సరం ఆ పేరు పెట్టుకున్న ఎం.పి.3 పద్ధతి ఈ బరువును తగ్గించాయి. సామాన్యంగా వాడిన ఎం.పి.3 ఫైలు సీడీ ధ్వనిలో పదకొండవ వంతు చోటే తీసుకునేది. అక్కడి నుండి ఫ్లాపీల కథ ముగిసింది, వాటిలోని పాటలు అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు చేయవలసినది

మొదట డిస్కుపై ఏమీ వ్రాయబడకుండా చూడాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలలో ఉన్న చిన్న తలుపును రంధ్రం కనబడేటట్లు జరిపితే దానిపై వ్రాయడం కుదరదు. “ఫార్మాట్ చేయమంటారా” అని కంప్యూటరు అడిగితే ఎట్టి పరిస్థితులలోను అంగీకరించవద్దు. డిస్కుపై బూజు కనబడితే అసలు పెట్టవద్దు. బూజు డ్రైవును పాడు చేసి తరువాతి డిస్కును కూడా గీకుతుంది.

పి.సి. ఫ్లాపీలకు యు.ఎస్.బి. డ్రైవు సరిపోతుంది. పాత మాకింటోష్ 400, 800 కిలోబైట్ల డిస్కులు అందులో చదవబడవు, ఎందుకంటే ఆ యంత్రం డిస్కును లోపలి గీత నుండి వెలుపలి గీతకు వేర్వేరు వేగాలతో త్రిప్పేది. అమిగా డిస్కులు, అయిదుంబావు అంగుళాల డిస్కులు కూడా అంతే. వాటికి వేరే పరికరాలు ఉన్నాయి. యు.ఎస్.బి. డ్రైవు చదవలేదని డిస్కు ఖాళీ అని నిర్ణయించరాదు.

తరువాత ఫైలు రకము. వేవ్ ఫైలు ఇప్పటికీ నేరుగా తెరుచుకుంటుంది. వి.ఓ.సి. అని ముగిస్తే సౌండ్ బ్లాస్టర్‌ది, ఎ.యు. అని ముగిస్తే సన్ కంప్యూటరుది కావచ్చును. “మిడి” ఫైలులో గొంతు ఉండదు; ఏ స్వరం ఎప్పుడు వాయించాలో చెప్పే ఆదేశాలు మాత్రమే ఉంటాయి. కొన్ని ఫైళ్ళకు శీర్షిక అనేదే ఉండదు, ఉత్త అంకెలే. అటువంటి వాటిని ఉచితంగా దొరికే ఆడాసిటీ ప్రోగ్రాములో ముడి సమాచారంగా తెరిచి, 8 బిట్లు, ఒకే మార్గము అని చెప్పి, వేగాన్ని 8,000, 11,025, 22,050, 22,255 అని ఒక్కొక్కటిగా మార్చి వినాలి. వేగం తప్పైతే గొంతు ఏనుగులాగో చిలుకలాగో ఉంటుంది. అంకెలు మాత్రం క్షేమమే. అంతా గరగరగా ఉంటే అంకెలకు గుర్తు ఉన్నదా లేదా అన్న ఎంపికను మార్చి చూడాలి. అమిగా శాంపిళ్ళకు ధన, ఋణ గుర్తులు ఉంటాయి. వేవ్ 8 బిట్ల శాంపిళ్ళకు ఉండవు.

ఇక్కడ ఒక మంచి మాట చెప్పవలసి ఉన్నది. ఆనాడు చిన్న స్పీకరులో వినబడని మద్దెల ఆ ఫైలులో ఉండవచ్చును. ఆ స్పీకరు మంద్ర ధ్వనిని పలికించలేకపోయినది కాని ఫైలు దానిని మోసింది. ఈనాటి హెడ్‌ఫోనులో వింటే ఆనాడు ఎవరూ వినని చిడతలు, ప్రక్కన వంత పాడినవారి గొంతు బయటపడవచ్చును. కాని ఎగువన తెగిపోయిన “స” మాత్రం తిరిగి రాదు. అందుచేత అసలు క్యాసెట్టు ఇంకా ఉన్నట్లయితే, ఫైలును నమ్ముకోక క్యాసెట్టునే మళ్ళీ సెకనుకు 48,000 శాంపిళ్ళు, 24 బిట్లతో ఎక్కించాలి. శబ్దం శుభ్రపరచాలనుకుంటే ప్రతి తీసి ఆ ప్రతిపైనే చేయాలి. అసలు ఫైలును దాని పాత పేరుతో సహా అలాగే ఉంచాలి. ఆ పేరు, ఆ తేదీ కూడా చరిత్రే.

గొంతు ఎవరిది

చివరిగా ఒక విజ్ఞప్తి. ఈ ఫైళ్ళలో భజనలు మాత్రమే లేవు. పెళ్ళిపాటలు, లాలిపాటలు, ఒకరు పోయినప్పుడు ఆడవారు తలుచుకొని ఏడ్చిన మాటలు కూడా ఉండవచ్చును. ఫైలు తెరుచుకున్న వెంటనే నలుగురికీ పంపకండి. పాడినవారి పిల్లలను, మనుమలను అడగండి. పాడిన వ్యక్తి పేరు, ఊరు, తోట ఉన్న ప్రాంతము, పాడిన సందర్భము తెలిసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. పాటను విని “ఇది ఫలానా అత్తమ్మ గొంతు” అని చెప్పగలిగినవారు లేని రోజు ఆ ఫైలు పలికినా ఎవరిదో తెలియని గొంతుగా మిగులుతుంది. యంత్రాలను వెదకి తెచ్చుకోవచ్చును. గుర్తుపట్టే మనిషిని తెచ్చుకోలేము.

కనుక డిస్కును రక్షించడం కంటె ముందు, దానిపై ఉన్న పేరును చూపి ఇంటిలోని పెద్దవారిని అడిగి వ్రాసుకోండి. తేదీ తెలియకపోతే ఏ పంట కోత కాలమో, ఎవరి పెళ్ళి సమయమో వ్రాయండి. ఆ కాగితాన్ని డిస్కుతో పాటు ఒకే కవరులో పెట్టండి. ఆ తరువాత డ్రైవు కొరకు, ప్రోగ్రాము కొరకు వెదకవచ్చును. ఫిజీ, మారిషస్, నేటాల్, మలయా తోటల నుండి వచ్చిన మన కుటుంబాలన్నింటికీ ఈ మాట వర్తిస్తుంది.